ద్వివచనం లేని ప్రయాణాలు



సంక్రాంతి సెలవులకు మా జువ్వలదిన్నె వచ్చిన నా పూర్వవిద్యార్థి ఒకడు భార్యతో సహా మా ఇంటికి వచ్చాడు. ఎనిమిదో తరగతిలో సంధులు చెప్పమంటే సవర్ణదీర్ఘం దగ్గరే ఆగిపోయేవాడు. లెక్కలలో మాత్రం దిట్ట. ఇప్పుడు హైదరాబాదులో ఒక మందుల దుకాణంలో లెక్కలు చూస్తున్నాడు. ఆ అమ్మాయి ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతోంది. పెళ్లయి నాలుగు నెలలయింది. పెళ్లికి వెళ్లలేకపోయిన నన్ను వెతుక్కుంటూ ఆశీర్వాదానికి వచ్చారని సంతోషించాను. అక్షతలు వేసిన తరువాత అసలు సంగతి బయటపడింది.

అతని ఫోనులో ఒక ప్రకటన ఉంది. బాలి ద్వీపం, ఐదు రాత్రులు, ఆరు పగళ్లు, ఇద్దరికీ కలిపి 1,40,000 రూపాయలు. చేతిలో అంత సొమ్ము లేదు కనుక నెలకు 7,000 చొప్పున రెండేళ్లు కట్టే అప్పు. వెరసి 1,68,000. "అయ్యవారూ, మా నాయన ఒప్పుకోవడం లేదు. మీరొక మాట చెబితే వింటాడు" అన్నాడు.

నేను ఆ అమ్మాయి వైపు తిరిగి, "అక్కడ నీకేం చూడాలని ఉంది తల్లీ?" అని అడిగాను. ఆమె కొంచెం తటపటాయించి, "చూడడానికని కాదు సార్. రెండు రోజులు మమ్మల్ని ఎవరూ పిలవకుండా ఉంటే చాలు" అంది. హైదరాబాదులో వాళ్లు ఉండేది రెండు గదుల ఇల్లు. అత్తమామలు, మరిది, వీళ్లిద్దరూ. తలుపు వేసుకుంటే ఎందుకు వేసుకున్నారని అడగరు గాని, ఎప్పుడు తీస్తారోనని చూస్తారట.

ఆ జవాబే ఈ టపాకు కారణం. ఆ అమ్మాయి కోరిన వస్తువు పేరు ఏకాంతం. దానికి ప్రకటనలో కట్టిన వెల లక్షా నలభై వేలు. ఆ వస్తువు అంత ఖరీదైనది కాదనీ, దానిని అంత ఖరీదు చేసినవాళ్లం ఇంట్లోని పెద్దలమేననీ నా అభిప్రాయం. విన్నవించుకుంటాను, కాదనేవారు కాదనవచ్చు.

తెలుగు పండితుణ్ణి కనుక వ్యాకరణంతో మొదలుపెడితే మన్నించాలి. సంస్కృతంలో ఏకవచన, బహువచనాల నడుమ ద్వివచనం ఉన్నది. దంపతీ శబ్దం నిత్య ద్వివచనం. ఆలుమగలు ఇద్దరే, ఒకరు తగ్గినా, మరొకరు చేరినా ఆ మాట చెల్లదు. మన తెలుగుకు ద్వివచనం లేదు. ఒకటి దాటితే బహువచనమే. ఇద్దరైనా "వారే", ఇరవైమందైనా "వారే". ఈ లక్షణం భాషకు లోపమేమీ కాదు. అయితే మన ఇళ్లు ప్రయాణాలకు కూడ ఇదే సూత్రాన్ని వర్తింపజేశాయి. ఒక్కరు బయలుదేరితే "అయ్యో, ఒక్కరేనా?" అంటారు. ఇద్దరు బయలుదేరితే "ఇద్దరే ఎందుకు, మేమూ వస్తాం" అంటారు. తిరుమలకు ఇద్దరుగా అనుకున్న ప్రయాణం పదకొండుమందితో, మూడు గిన్నెల పులిహోరతో బయలుదేరడం ఎరుగనివారు మనలో ఉండరు.

దీనికి చరిత్ర లేకపోలేదు. తెలుగులో తొలి యాత్రాచరిత్రగా చెప్పుకునే కాశీయాత్ర చరిత్రను రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో మదరాసునుంచి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చారు. ఆయన వెంట నడిచిన పరివారం సుమారు నూరుమంది. ఆనాడు అది అవసరం. దారిలో దొంగలు, అడవులు, నదులు, జ్వరాలు. పదిమందిలో ఉంటేనే ప్రాణం నిలిచే కాలం. మన "యాత్ర" అనే మాటలోనే ఆ గుంపు ఉన్నది. కాలం మారింది, రైలు వచ్చింది, బస్సు వచ్చింది, గుంపు మాత్రం ఉండిపోయింది. వెయ్యి కిలోమీటర్లు ఒక్క రాత్రిలో దాటే బండిలో కూడ మనం 1830 నాటి పరివారాన్నే ఎక్కిస్తున్నాం.

ఏకాంతం మన సంప్రదాయానికి పనికిరానిదని ఎవరైనా అంటే నేను అంగీకరించను. వేలాదిమంది క్యూలలో నిలబడే తిరుమలలో రోజు ముగిసేది ఏకాంతసేవతో. లోకాన్నంతా చూసుకునే స్వామికి కూడ రాత్రి కాసేపు తలుపులు మూసుకునే హక్కు ఇచ్చిన జాతి మనది. కొత్తకోడలికి ఆ హక్కు ఎందుకు ఇవ్వలేకపోతున్నది?

ఇక లెక్కలోకి వస్తాను. శిష్యుడు చూపిన ప్రకటనను ఆసాంతం చదివించుకున్నాను. అందులో విమానం, గది, అల్పాహారం ఉన్నాయి. అవి న్యాయమైన ఖర్చులు. ఆపైన కొన్ని అలంకారాలు ఉన్నాయి. మంచం మీద గులాబి రేకులు, తువాళ్లను మడిచి చేసిన రెండు హంసలు, కొవ్వొత్తుల వెలుగులో భోజనం, ఒక కేకు. మన జిల్లాకు ఆనుకొని ఉన్న పులికాటు సరస్సులో చలికాలంలో నిజమైన రాజహంసలు వేలకొద్దీ దిగుతాయి. వాటిని చూడడానికి అప్పు చేయనక్కరలేదు. తువాలు హంసకోసం రెండేళ్ల వాయిదాలు కట్టడం నాకు దుస్సహంగా తోచింది.

దూరదేశాలు చూడరాదని నా వాదం కాదు. చేతిలో సొమ్ము ఉన్నవాళ్లు చూడాలి, చూసి వచ్చి మాకు రాసి చూపించాలి కూడ. అప్పుచేసి వెళ్లవద్దనేదే నా మాట. తిరిగివచ్చిన తరువాత ఇరవైనాలుగు నెలలపాటు, ప్రతి నెలా ఒకటో తారీకున, ఆ ప్రయాణం ఇద్దరి మధ్య తగవుగా మిగిలిపోతుంది. అనురాగం కోసం చేసిన ఖర్చు అనురాగాన్నే తినివేయరాదు.

ఆ సాయంత్రమే కాగితం తీసి ఇద్దరికీ ఒక ప్రయాణం రాసి ఇచ్చాను. పనికివచ్చేవారు మీలోనూ ఉంటారని ఇక్కడ పొందుపరుస్తున్నాను.

మొదటి సాధనం పంచాంగం. నవ్వకండి. మనది తూర్పు తీరం. గోవాలోవలె సూర్యుడు సముద్రంలో అస్తమించడు. మనకు వెనుక, పొలాలలో అస్తమిస్తాడు. దానికి బదులుగా ప్రకృతి మనకు చంద్రోదయాన్ని ఇచ్చింది. పున్నమినాడు సూర్యుడు వెనుక దిగే వేళకే చంద్రుడు సముద్రంలోనుంచి పైకి వస్తాడు. తరువాత రోజురోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యం. కనుక పాడ్యమి, విదియ రాత్రులు మరింత మేలు. బాగా చీకటి పడ్డాక, నల్లని నీటిలోనుంచి ఎర్రగా లేస్తాడు. పంచాంగంలో సాయంకాలానికి పున్నమి తిథి ఉన్న రోజు చూసుకొని, ఆ రోజునుంచి మూడు రోజులు పెట్టుకోవాలి. దీనికి టిక్కెట్టు లేదు.

ఏ పున్నమి? కార్తిక, మాఘ పున్నములకు సముద్రస్నానాలకు జనం వస్తారు. పుణ్యానికి అవి మంచివి, ఏకాంతానికి కావు. పైగా మన నెల్లూరు సీమకు వానలు ఈశాన్య ఋతుపవనాలవి. అక్టోబరునుంచి డిసెంబరు దాకా తుపానుల భయం ఉంటుంది. ఫాల్గుణ పున్నమి నా ఓటు. ఎండలు ముదరవు, వానలు ఉండవు, సముద్రం దగ్గర జనం ఉండరు. ఏప్రిల్ 15నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేటకు నిషేధం. ఆ రోజులలో తెల్లవారి వేట ముగించుకొని వచ్చే పడవల సందడి బాగా తగ్గిపోతుంది. అది చూడదలచినవారు దానికి ముందే రావాలి.

రెండవది రైలు. మదరాసు, విజయవాడల నడుమ ప్రధానమార్గం మన తీరానికి సమాంతరంగా సాగుతుంది. కావలి, బిట్రగుంట, నెల్లూరు, గూడూరు, దొరవారిసత్రం, సూళ్లూరుపేట అన్నీ ఆ దారిలోని స్టేషన్లే. బిట్రగుంట ఆవిరియంత్రాల కాలంలో లోకోషెడ్డుకు పేరు మోసిన ఊరు. ఈ ఊళ్లమధ్య ప్యాసింజరు బండికి అయ్యే ఖర్చు రెండు కాఫీల ఖర్చును మించదు. బిట్రగుంటలో దిగితే మా ఊరు ఆటో దూరం.

మొదటి రోజు మా జువ్వలదిన్నె. ఈమధ్య చేపలరేవు నిర్మాణం మూలాన మా ఊరిపేరు పత్రికలలో వినబడుతున్నది గాని, అంతకుముందు ఈ మండలం దాటితే మమ్మల్ని ఎరిగినవారు తక్కువ. తీరం వెంబడి సాగే బకింగ్‌హాం కాలువను చూడాలి. 1806లో మదరాసు దగ్గర చిన్న ఉప్పునీటి కాలువగా మొదలై, 1876-78 నాటి మహాకరవులో కరవుపనిగా పెరిగి, నాటి గవర్నరు పేరు పెట్టుకున్న కాలువ అది. ఒకప్పుడు సరుకులు, మనుషులు అన్నీ దీనిమీదనే. నేడు పడవలు లేవు, కొంగలు ఉన్నాయి. సాయంకాలం తీరం, చంద్రోదయం. రాత్రి బసకు కావలి.

రెండవ రోజు నేలపట్టు. దొరవారిసత్రం స్టేషనులో దిగితే పక్షుల చెరువు దగ్గరే. 2022లో జిల్లాలు విభజించినప్పుడు ఆ ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరింది. పక్షులకు మాత్రం సరిహద్దు తెలియదు. అక్కడ గూడబాతులు నీటిలో నిలిచిన చెట్లమీద గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. ఆ ఊరివారు వాటిని శుభసూచకాలుగా భావించి కాపాడుకుంటూ వచ్చారు. ఆలుమగలు వంతులవారీగా గూడు కాయడం, మేత తేవడం అక్కడ గంటసేపు కూర్చుంటే కనిపిస్తుంది. సంసారానికి ఇంతకంటే మంచి పాఠం నేను ముప్పై ఏళ్ల ఉద్యోగంలో చెప్పలేదు. పక్షులకోసమే వెళ్లేవారికి పుష్యమాఘాలు మేలు. ఆ రోజులలో శ్రీహరికోటనుంచి ఉపగ్రహ ప్రయోగం ఉంటే అదృష్టమే. అక్కడ ప్రజలు కూర్చొని చూసే గ్యాలరీని 2019లో తెరిచారు. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, రుసుము లేదు.

మూడవ రోజు నెల్లూరు. పెన్న ఒడ్డున రంగనాయకస్వామి గుడి, ఏటిగాలి, మధ్యాహ్నం ఏదైనా మెస్సులో అన్నం, మామిడికాయ వేసిన చేపల పులుసు. శాకాహారిని కనుక పులుసు సంగతి విన్నమాటగా చెబుతున్నాను. రాత్రి బండికి హైదరాబాదు.

లెక్క ఇలా వేశాను. హైదరాబాదునుంచి స్లీపరులో ఇద్దరికీ రానుపోను సుమారు 1,500. రెండు రాత్రుల గది 2,400. చిన్న బండ్లు, ఆటోలు 900. భోజనాలు, కాఫీలు 1,200. మొత్తం 6,000. శిష్యుడు నోరు తెరిచాడు. బాలి అప్పుకు ఒక నెల వాయిదా కంటే ఇది వెయ్యి తక్కువ.

దీనితోపాటు మూడు జాగ్రత్తలు చెప్పాను. ఒకటి, సముద్రం. మన తీరంలో అలలు లోపలికి లాగుతాయి. పున్నమికి, అమావాస్యకు పోటు మరీ ఎక్కువ. ఈతవచ్చని గర్వించి దిగినవారిని ఈ సముద్రం ఎందరినో ఉంచుకున్నది. నా శిష్యులు కూడ ఉన్నారు వారిలో. మోకాలు దాటి దిగవద్దు. చీకట్లో అసలే వద్దు. పట్టపువారిని అడిగి, వారు చూపిన చోటనే నిలబడాలి. రెండు, తీరం మనకు విహారస్థలం, వారికి పనిచేసే చోటు. ఆరవేసిన వలలను తొక్కరాదు, అనుమతి లేకుండా ఫొటోలు తీయరాదు, సీసాలు పారవేయరాదు. వారి పాళెంలోనే టీ తాగి, ఇడ్లీలు తిని నాలుగు రూపాయలు అక్కడ ఇచ్చిరావాలి. మూడు, జనవరినుంచి మార్చి దాకా సముద్రపు తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెట్టే కాలం. రాత్రిపూట ఫోను దీపాలు ఇసుకమీద ప్రసరించరాదు. వెన్నెల ఉండగా దీపం ఎందుకు?

ఇంతవరకు తేలికగా చెప్పాను. అసలు కష్టం గది దగ్గర ఉన్నది.

దొరవారిసత్రం అనే పేరును గమనించండి. మదరాసు దారిలో ఇటువంటి సత్రం ఊళ్లు అనేకం. బాటసారి తలుపు తడితే చోటు దొరకాలని ఒక కాలం అనుకున్నది. ఆ సత్రాలలో కులభేదాలు ఉండేవి. ఆ మచ్చను దాచడం తగదు. నేడు కులం అడగరు. బదులుగా మరి మూడు ప్రశ్నలు అడుగుతున్నారు. పెళ్లయిందా? ఆడవాళ్లొక్కరేనా? మీరొక్కరేనా?

మొదటి ప్రశ్న. కొత్తదంపతులు ఇద్దరి గుర్తింపుకార్డులలో వేర్వేరు ఇంటిపేర్లు, వేర్వేరు చిరునామాలు ఉంటాయి. అంతమాత్రాన వారిని అనుమానించి, పెళ్లిఫొటో చూపించమనే లాడ్జీలు ఉన్నాయి. గుర్తింపుకార్డు అడగడం నియమం, అడగాలి. పెళ్లిఫొటో అడగడం ఏ నియమమూ కాదు. కోయంబత్తూరులో ఒక వసతిగృహాన్ని అధికారులు మూసివేసిన వ్యవహారంలో 2019 డిసెంబరులో మద్రాసు హైకోర్టు, పెళ్లికాని స్త్రీపురుషులు హోటలు గదిలో అతిథులుగా ఉండరాదనే చట్టమేదీ లేదని స్పష్టంగా చెప్పింది. నేను పాతకాలపువాణ్ణి. పెళ్లికి ముందటి ప్రయాణాలను ప్రోత్సహించే వయసు, స్వభావం నాకు లేవు. అయినా యుక్తవయస్కుల మంచిచెడ్డలు తేల్చవలసింది వారు, వారి అంతరాత్మ. లాడ్జీ గుమాస్తాకు ఆ అధికారం ఎవరూ ఇవ్వలేదు. అదీగాక, పెళ్లికానివారిని పట్టుకోవడానికి పన్నిన వలలో పెళ్లయినవారే ఎక్కువగా పడుతున్నారు.

రెండవ ప్రశ్న స్నేహితురాండ్రది. 2025 ఆగస్టు 15నుంచి స్త్రీశక్తి పథకం కింద మన రాష్ట్రంలో నివసించే స్త్రీలకు పల్లెవెలుగు మొదలుకొని ఎక్స్‌ప్రెస్ దాకా ఆర్టీసీ బస్సులలో టిక్కెట్టు లేదు. నాతో పనిచేసిన ఉపాధ్యాయినులు నలుగురు ఈ సదుపాయంతో ఉదయగిరి చూసి వచ్చారు. గజపతులనుంచి కృష్ణదేవరాయలు 1514లో గెలుచుకున్న దుర్గం అది. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని ఆయన హంపికి తరలించి గుడి కట్టించాడు. ముప్పై ఏళ్లు పిల్లలకు ఆ పాఠం చెప్పిన సోషల్ టీచరుగారు ఆ కొండను చూడడం అదే మొదటిసారి. "ఇన్నాళ్లు ఎందుకు వెళ్లలేదమ్మా?" అంటే, "పంపేదెవరు సార్?" అన్నారు. బస్సు ఉచితమైనది. అనుమతి ఇంకా ఉచితం కాలేదు. వారు కూడ రాత్రి బస దొరుకుతుందో దొరకదోనని ఉదయం వెళ్లి సాయంకాలానికి తిరిగి వచ్చారు.

మూడవ ప్రశ్న నన్నే అడిగారు. మా ఇంటావిడ కాలం చేసిన మరుసటి ఏడు, పొరుగు జిల్లాలో ఒక పట్టణంలో ఏటి ఒడ్డున రెండు రోజులు ఉండాలని వెళ్లాను. గుమాస్తా నా కార్డు చూసి, నా సంచి చూసి, "ఒక్కరేనా? వెంట ఎవరూ లేరా?" అన్నాడు. లేరన్నాను. "ఒంటరివారికి గది ఇవ్వం పెద్దాయనా" అన్నాడు. కారణం అడిగితే చెప్పలేదు. బయట టీ కొట్టులోని అబ్బాయి చెప్పాడు, ఒంటరిగా వచ్చినవారు గదిలో ఏమైనా చేసుకుంటారని భయమట. స్టేషను బల్లమీద ఆ రాత్రి గడిపాను. అతని భయాన్ని నేను తప్పుపట్టను. కాని ఆలోచించండి. నిజంగా దుఃఖంతో వచ్చిన మనిషికి ఆ రాత్రి కావలసింది మూసిన తలుపా, తెరిచిన తలుపా? ఒక గది, ఒక మంచినీళ్ల చెంబు, "ఉదయం కాఫీ ఎన్నింటికి పంపమంటారు?" అనే ఒక మాట, ఇవి ప్రాణాలు నిలిపే వస్తువులు. అవి ఖరీదైనవి కావు.

అందుచేత ప్రయాణాన్ని చౌకగా చేయడం రైల్వేవారి చేతిలోనో, ప్రకటనలవారి చేతిలోనో ఉన్నదనుకోను. రైల్వేవారు 2020 మార్చిలో మా వృద్ధుల రాయితీని నిలిపివేశారు. అయినా సాధారణ బండి ఇప్పటికీ పేదవాడి విమానమే. ఇంట్లో తలుపు వేసుకొనే స్వేచ్ఛ, లాడ్జీలో ప్రశ్నలు లేని తాళంచెవి దొరకక, మన పిల్లలు సముద్రాలు దాటి ఏకాంతాన్ని కొనుక్కుంటున్నారు. అక్కడ వారిని ఎవరూ ఎరగరు, ఎవరూ అడగరు. ఆ అడగకపోవడమే వారు లక్షలు పోసి కొంటున్న సరుకు.

దీనికి ఒక ఆక్షేపణ ఉన్నది. "పెద్దలను వదిలి ఇద్దరే తిరిగితే కుటుంబం ఏమవుతుంది?" అని. శిష్యుని తండ్రి నాతో అన్న మాట ఇదే. ఆయన కూడ ఊళ్లోనే ఉన్నాడు. మరునాడు కబురంపి పిలిపించాను. "వాళ్లు నేలపట్టు పోతారంటే మాదేముంది, మేమూ వస్తాం, అట్నే పెంచలకోన చూసుకుని..." అన్నాడు. "నాయనా, నీ పెళ్లయి ఎన్నేళ్లు?" అన్నాను. ముప్పై అన్నాడు. "నువ్వూ నీ భార్యా ఇద్దరే ఎక్కిన బండి ఏదైనా ఉందా?" చాలాసేపు ఆలోచించాడు. "ఆపరేషనుకు మదరాసు పోయినాం అయ్యవారూ" అన్నాడు. ఆ మాటకు ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. మన తరంలో ఆలుమగలు ఇద్దరే చేసిన ప్రయాణం ఆసుపత్రికే. మనకు దక్కనిది పిల్లలకు దక్కకూడదని మనం అనుకోము. మనకు అలవాటు లేనిది కనుక అది ఒకటి ఉన్నదని తోచదు, అంతే. కుటుంబం ఇద్దరితో మొదలవుతుంది. ఆ ఇద్దరి మధ్య మాట ఉంటేనే తక్కినవారికి అన్నం ఉంటుంది.

పిల్లలిద్దరూ ఫాల్గుణ పున్నమికి వచ్చి వెళ్లారు. కావలి లాడ్జీలో గదికి ముందుగా నేనే ఫోను చేసి నా శిష్యుడని చెప్పవలసివచ్చింది. శిఫారసు లేనివాడి సంగతి ఏమిటని నాకు ఇంకా బాధగానే ఉన్నది. మా ఊళ్లోకి వచ్చి కూడ మా ఇంటికి రాలేదు. రావద్దని నేనే చెప్పాను. ఎట్లా జరిగిందని అడగలేదు.

నా సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. 1984లో మా పెళ్లి. మా ఇంటినుంచి కాలువ దాటితే సముద్రం. ఇరవైయేడేళ్లపాటు మా ఆవిడ ఆ సముద్రానికి కార్తికంలో, మాఘంలో వాడకట్టు ఆడవాళ్లతో కలిసి వెళ్లేది. నేను బడిపిల్లలను తీసుకొని వెళ్లేవాణ్ణి. 2011లో ఒక ఫాల్గుణ పున్నమినాడు, పిల్లలు ఇంట లేనప్పుడు, "ఏమండీ, ఒకసారి పోయొద్దామా?" అంది. జవాబుపత్రాలు పక్కన పెట్టి లేచాను. పది రూపాయల వేరుశనగకాయలు కొన్నాను. చంద్రుడు రావడం ఇద్దరం చూశాం. ఏమీ మాట్లాడుకోలేదు. తిరిగివస్తుంటే, "ఇంత దగ్గరకు రావడానికి ఇన్నేళ్లు పట్టింది" అంది. నిష్ఠూరం కాదు; లెక్క చెప్పింది. మళ్లీ వద్దామని అనుకున్నాం. పరీక్షలు, పెళ్లిళ్లు, పురుళ్లు వచ్చాయి. మళ్లీ వెళ్లలేదు.

ఇప్పుడు ప్రతి పున్నమికి నేను ఏకవచనంగా వెళుతున్నాను. అక్కడ గది అడగనక్కరలేదు, ఎవరూ ప్రశ్నించరు.

మిత్రులారా, మీ ఊరికి దగ్గరలో ఇద్దరు నిశ్చింతగా కూర్చోగలిగిన చోటు, ఒంటరివారికి ప్రశ్నలు లేకుండా గది ఇచ్చే చోటు ఏదైనా ఉంటే రాయండి. బండి పేరు, ఖర్చు, మంచి నెల కూడ రాయండి. నా పూర్వవిద్యార్థులు చాలామంది ఉన్నారు. అందరికీ పెళ్లిళ్లు అవుతున్నాయి.

స్వస్తి.